ఉప్పునీళ్ళు

పొద్దున ఆరైనా చీకటి విడలేదు.
నవంబరు. కేప్ బ్రెటన్ సముద్రం మీది గాలి
తలుపు సందుల్లో వేళ్ళు దూర్చి
ఇల్లంతా తడుముతోంది.
గూటి ముందు ఈకలు,
ఎవరో తలగడ చింపి దులిపినట్టు.
జాలీ ఒక మూల వంకర తిరిగింది.
రకూన్ పని. గొళ్ళెం తీయడం చేతకాక
సందులోంచి చెయ్యి పెట్టి లాగింది,
అందినంత మేర.

ఐదు కోళ్ళు దూలమ్మీద
ఒకదాన్నొకటి అతుక్కుని ఉన్నాయి.
ఆరోది, బూడిదరంగు మోరాగ్,
నేల మీద నిలబడి గింజలు ఏరుకుంటోంది.
అక్కడ గింజల్లేవు.
నొప్పి దాచుకోవడం కోడికి పుట్టు విద్య.
కుంటితే పక్కదే పొడుస్తుంది.

చంకలో పెట్టుకుని వంటింట్లోకి తెచ్చాను.
వీపు మీద అరచెయ్యంత తోలు లేచిపోయి
లోపలి కండ, అప్పుడే కోసిన సాల్మన్ రంగులో.
హెక్టర్ చూశాడు.
"నీళ్ళు కాచనా, గొడ్డలి తేనా?"
వెటకారం కాదు. ఈ ఒడ్డున ఎవరైనా అడిగేదే.
పశువుల డాక్టరు తొంభై కిలోమీటర్ల అవతల,
అదీ సోమవారం దాకా రాడు.
"ముందు నీళ్ళు" అన్నాను.

కాచి చల్లార్చిన లీటరు నీళ్ళకి
చిన్న చెంచాతో రెండు, తలకొట్టి, ఉప్పు.
రెక్కలు కదలకుండా తువ్వాలు చుట్టి
తల మీద పాత మేజోడు తొడిగితే
రాత్రయిందనుకుంది, ఊరుకుంది.
గాయం చుట్టూ ఈకలు కత్తిరించి
పిచికారీతో నీళ్ళు కొడుతుంటే
మట్టి, గడ్డిపరక, గడ్డకట్టిన నెత్తురు,
ఒక గోటి పెచ్చు
సింకులోకి జారాయి.
ఆ గోరు తీసి కిటికీలో పెట్టాను. ఎందుకో తెలీదు.

హెక్టర్ టార్చి పట్టాడు.
ముప్పై ఏళ్ళు చేపల పొట్టలు చీల్చినవాడు.
వెలుగు వణికింది.
"గోడ మీద కాదు, కోడి మీద!"
అతను కళ్ళు మూసుకున్నాడు.
మూసుకునే, గొంతు లోపల్లోపల,
ఏదో అనడం మొదలెట్టాడు. గేలిక్.

పెళ్ళై పందొమ్మిదేళ్ళు,
ఆ భాష అతని నోట నేను వినలేదు.
వాళ్ళ నాయనమ్మ దాన్ని కొట్టంలోనే వాడేదట.
మనుషులకి ఇంగ్లీషు, ఆవులకి అది.
బళ్ళో ఆ మాటకి బెత్తం పడ్డ చేతులు ఆమెవి.
"ఏమంటున్నావు?"
"ఏమో. సగం మర్చిపోయా.
నిలబడు పిల్లా, నిలబడు. అంతే వచ్చు."
తువ్వాల్లో మోరాగ్ మెడ కాస్త సడలింది.

పలచగా తేనె రాశాను.
స్నానాల తొట్టిలో అట్టపెట్టె, ఎండుగడ్డి,
పంచదార కలిపిన నీళ్ళు.
వారం రోజులు మేం సింకు దగ్గరే తలలు కడుక్కున్నాం.
పూటకోసారి ఉప్పునీళ్ళు, పూటకోసారి వాసన చూడడం.
ఈగలు లేని కాలం కావడం ఒక్కటే అదృష్టం.
నాలుగోరోజు దుర్వాసన కొట్టింది.
ఆ రాత్రి గొడ్డలి గురించి
ఇద్దరం అనుకున్నాం, ఇద్దరం అనలేదు.
మళ్ళీ కడిగాను. లోతుగా. అది అరిచింది,
అరిచినందుకు సంతోషించాను.

పదహారోరోజుకి అంచులు దగ్గరికొచ్చి
గులాబీరంగు చర్మం, దాని మీద
గడ్డపు మొలకల్లా ఈక ముళ్ళు.
ఎరుపు కనబడకుండా నీలం మందు పూసి
మందలో వదిలాను.
గుర్తుపట్టలేదు. పొడిచాయి.
మునుపు రెండోదిగా మెక్కేది,
ఇప్పుడు అన్నీ తిన్నాక తొట్టి దగ్గరికెళ్తుంది.
దానికి నా దగ్గర మందు లేదు.

సాయంత్రం గూడు వెయ్యడం హెక్టర్ వంతు.
ఇప్పుడు గొళ్ళేలు రెండు, జాలీ రెండు వరసలు.
కిటికీలోంచి వింటున్నాను,
దూలమ్మీద వాటిని వేలితో లెక్కపెడుతున్నాడు,
ఆ కొట్టం భాషలోనే.
ఐదు దాకా తడుముకోకుండా వచ్చాడు.
ఆరు గుర్తుకు రాలేదు.
కాసేపు నిలబడ్డాడు, గాలికి చొక్కా కొట్టుకుంటుంటే.
తర్వాత ఆ అంకె ఉండాల్సిన చోట
"మోరాగ్" అని
తలుపు వేశాడు.